మాత్రకూ ముద్దకూ మధ్య

(స్మారకోపన్యాస పాఠం)



ఎవరి స్మృతిలో ఇవాళ మనం ఇక్కడ కూడామో ఆ డాక్టరుగారు ఒక చిన్న పట్టణంలో జీవితమంతా జనరల్ ప్రాక్టీసు చేశారు. రోగి వచ్చి కూర్చోగానే నాడి పట్టుకుని ‘ఏం తిన్నావు, ఎప్పుడు తిన్నావు?’ అని అడిగేవారు. జ్వరంతో వచ్చినా అదే ప్రశ్న, మోకాళ్ల నొప్పులతో వచ్చినా అదే ప్రశ్న. షుగర్ రోగులకు మందులు రాసేవాళ్లందరూ నేర్చుకోవలసిన ప్రశ్న అది. నా ప్రసంగం దాని చుట్టూనే తిరుగుతుంది.

విషయం రక్తంలో చక్కెర పడిపోవడం. షుగర్ పెరగడం గురించి ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ మాట్లాడుకుంటున్నారు. పెళ్లి భోజనాల్లో పక్కవాడి విస్తరి చూసి మరీ చెబుతున్నారు. పడిపోవడం గురించి మాత్రం ఆ పూట గండం గడవగానే మరచిపోతారు. పెరిగిన షుగర్ ఏళ్ల తరబడి కళ్లనూ మూత్రపిండాలనూ కాళ్లనూ పాడుచేస్తుంది. పడిపోయిన షుగర్‌కు ఒక్క రాత్రి చాలు. నేను చెప్పదలచింది ఒక్కటే. మన ఆసుపత్రులకు వచ్చే లో షుగర్ కేసుల్లో ఎక్కువ భాగం కొత్త జబ్బు వల్ల వచ్చినవి కావు. మేము రాసిన మందుకూ ఆ మనిషి అన్నం తినే వేళకూ పొత్తు కుదరక వచ్చినవి. కాబట్టి వాటిని ఆపవచ్చు. ఆపవలసిన బాధ్యత ముందుగా మందు రాసినవారిది, ఆ తరువాతే రోగిది.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. మెదడు బరువు శరీరంలో రెండు శాతమే అయినా శక్తిలో ఐదో వంతు అదే ఖర్చు చేస్తుంది. రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు దానికి కావాలి. దాచుకునే చోటు మాత్రం దానికి లేదు, రక్తం నిమిష నిమిషానికీ తెచ్చి ఇవ్వాలి. భోజనం అరిగిపోయాక ఆ సరఫరా కాలేయం చేతికి వస్తుంది. కాలేయం మన ఇంటి గాదె లాంటిది. తిన్నప్పుడు గ్లైకోజెన్ రూపంలో నింపుకుంటుంది, తిననప్పుడు తీసి ఇస్తుంది. పెద్దవాళ్లలో ఆ నిల్వ దాదాపు 100 గ్రాములు. తెల్లవారేసరికి చాలా భాగం ఖర్చయిపోతుంది. అప్పుడు కాలేయం అమైనో ఆమ్లాలనూ లాక్టేటునూ గ్లిజరాల్‌నూ పోగుచేసి కొత్తగా గ్లూకోజు తయారుచేస్తుంది. ఈ తయారీకి కావలసిన శక్తి కొవ్వు మండితేనే వస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, కొంచెం సేపట్లో దీనితో పని పడుతుంది.

చక్కెర దిగడం మొదలైతే శరీరం చూస్తూ ఊరుకోదు. డెసిలీటరుకు 80 మిల్లీగ్రాముల దగ్గరే క్లోమం ఇన్సులిన్ తగ్గిస్తుంది. 70 దాటి కిందికి వస్తుంటే గ్లూకగాన్, అడ్రినలిన్ రంగంలోకి దిగుతాయి. చెమటలు, చేతుల వణుకు, గుండె దడ, పట్టలేని ఆకలి, ఇవన్నీ ఈ ఎదురుదాడి గుర్తులే. ఇంకా దిగితే మెదడుకే కరువు వస్తుంది. చూపు మసకబారుతుంది, ఒకటి రెండుగా కనిపిస్తుంది, మాట తడబడుతుంది. ఎప్పుడూ పల్లెత్తు మాట అనని మనిషి ఇంట్లోవాళ్లపై కేకలేస్తాడు, చక్కెర నోటికి అందిస్తే విసిరికొడతాడు. ఆ తరువాత ఫిట్స్, స్పృహ తప్పడం. 70 కంటే తగ్గితే జాగ్రత్త పడాలి, 54 కంటే తగ్గితే ప్రమాదం. అంకె ఎంతైనా సరే, మరొకరి సాయం లేకుండా తేరుకోలేకపోతే అది తీవ్రమైన లో షుగర్.

ఇందులో ఒక మోసం ఉంది. మాటిమాటికీ షుగర్ పడిపోయేవారికి ఆ చెమటా ఆ వణుకూ క్రమంగా రావడం మానేస్తాయి. హెచ్చరిక లేకుండానే నేరుగా స్పృహ తప్పుతుంది. ‘నాకు 45 ఉన్నా ఏమీ అనిపించదు డాక్టరుగారూ’ అని కొందరు ధైర్యంగా చెబుతారు. ఆ మాట వినగానే వైద్యుడు మందు మోతాదు తగ్గించే పని మొదలుపెట్టాలి. కొన్ని వారాల పాటు ఒక్కసారి కూడా షుగర్ పడకుండా చూస్తే పోయిన హెచ్చరికలు చాలామందిలో తిరిగి వస్తాయి. బీపీకి, గుండెకు వాడే బీటా బ్లాకర్లు కూడా దడనూ వణుకునూ కప్పిపుచ్చుతాయి. చెమట మాత్రం పడుతుంది. దాన్ని నమ్ముకోవాలి.

ఈ ప్రమాదం ఇన్సులిన్‌తోపాటే పుట్టింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ప్రయోగాలు మొదలుపెట్టారు. మెక్లియాడ్ ప్రయోగశాలలో ఆ పదార్థాన్ని శుద్ధి చేసే పని కొలిప్ అనే జీవరసాయన శాస్త్రవేత్తకు దక్కింది. తాను తీసిన సారాన్ని కుందేళ్లకు ఎక్కించి చూస్తే వాటికి ఫిట్స్ వచ్చాయి. గ్లూకోజు ఎక్కించగానే అవి లేచి కూర్చున్నాయి. 1922 జనవరిలో 14 ఏళ్ల లెనార్డ్ థామ్సన్ అనే పిల్లవాడికి మొదటి ఇంజెక్షన్ ఇచ్చే నాటికే ఈ మందు అతిగా పనిచేస్తే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. ఇన్సులిన్‌కు ‘యూనిట్’ అనే కొలతను కూడా మొదట కుందేలు చక్కెరను ఫిట్స్ వచ్చేంత కిందికి దించే మోతాదు ఆధారంగానే కట్టారు. అదే ఏడాది ఫ్లెచర్, క్యాంప్‌బెల్ అనే టొరంటో వైద్యులు రోగుల్లో ఈ లక్షణాలను వరసగా రాసిపెట్టారు. ప్రాణం పోసే మందులోనే ప్రాణం తీసే గుణం ఉందని కనిపెట్టినవాళ్లు మొదటి ఏడాదే లోకానికి చెప్పారు. నూరేళ్లు దాటినా మనం చీటీ మీద మందు పేరు రాస్తున్నంత శ్రద్ధగా ఆ హెచ్చరిక రాయడం లేదు. అది నన్ను బాధించే విషయం.

ఇక మన ఊళ్లలో ఇది ఎలా వస్తుందో చూద్దాం. మిరప కోతల కాలం. కూలికి వెళ్లే ఒక తల్లి తెల్లవారుజామున లేచి, వంట చేసి, క్యారేజి కట్టుకుని, టీతోపాటు షుగర్ మాత్ర వేసుకుంటుంది. ఆరున్నరకు ఆటో వస్తుంది. పదకొండుకు గానీ క్యారేజి మూత తీయదు. ఆమె వేసుకున్న మాత్రలో గ్లిమెపిరైడ్ ఉంది. అది తిండి వచ్చిందా రాలేదా అని చూడదు, క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది. వంగి చేసే పని కండరాల్లోకి చక్కెరను ఇంకా తోడేస్తుంది. పది గంటలకు ఒళ్లంతా చెమటలు, కళ్లు బైర్లు కమ్మడం. ఎండ కాబట్టి పక్కవాళ్లు వడదెబ్బ అనుకుంటారు. నీడకు చేర్చి మజ్జిగ పట్టిస్తారు. పట్టించేవాళ్ల మనసు మంచిదే, కాని ఆ మజ్జిగలో ఆమెకు కావలసిన చక్కెర లేదు. ఆసుపత్రికి చేరేసరికి గ్లూకోమీటరులో 38 కనిపిస్తుంది. ఆమె తప్పు ఇందులో ఏమిటి? ‘ఉదయం ఒకటి, టిఫినుకు ముందు’ అని చీటీ మీద రాసి ఉంది. ఆమె ఇంట్లో టిఫిను అనేదే లేదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి షుగర్ పడిపోవడం అరుదు. గ్లిప్టిన్లు, గ్లిఫ్లోజిన్లు కూడా విడిగా వాడితే అంతే. భయపడవలసింది ఇన్సులిన్‌కూ, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ కోవకు చెందిన సల్ఫోనిల్‌యూరియా మాత్రలకూ. చిక్కేమిటంటే ఇవి తరచు మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఒకే మాత్రగా వస్తాయి. తన మాత్రలో ఏముందో రోగికి తెలియదు. ఊరు మారినప్పుడు అదే మందును ఇంకో కంపెనీ పేరుతో రాస్తారు. పాతదీ కొత్తదీ రెండూ వేసుకుని రెట్టింపు మోతాదుతో పడిపోయినవాళ్లు ఏ జిల్లా ఆసుపత్రిలోనైనా కనిపిస్తారు.

ఇన్సులిన్ విషయంలో మన దేశంలో ఇంకో ప్రమాదం ఉంది. సీసాల్లో అమ్మే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. పెన్నులోని కార్ట్రిడ్జిలో ఉండేది మిల్లీలీటరుకు 100 యూనిట్లది. సిరంజిలు కూడా దేనికది వేరు, 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. పెన్ను పాడైందని కార్ట్రిడ్జిలోకి సూది గుచ్చి, ఇంట్లో ఉన్న ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు. రెండున్నర రెట్లు! మందుల షాపులో సిరంజి కొనేటప్పుడు మూత రంగూ, సీసా మీది అంకే పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఇక్కడున్న విద్యార్థులు ఈ వారమే తమ వార్డులో ఇన్సులిన్ వాడే ప్రతి రోగి చేతా సిరంజి తెప్పించి చూడాలని నా కోరిక.

ఇంకొకటి సంతోషం వేషంలో వస్తుంది. పదేళ్లుగా 200 కంటే దిగని షుగర్ ఈమధ్య దానంతట అదే 110కి వచ్చిందని, మందు కూడా తగ్గించుకోవలసి వచ్చిందని ఒక పెద్దాయన మురిసిపోతూ చెబుతాడు. ఆ మాట విన్నప్పుడు ముందు క్రియాటినిన్ పరీక్ష రాయాలి. ఇన్సులిన్‌ను ఒంట్లోంచి తీసేసే పనిలో మూత్రపిండాలకు పెద్ద వాటా ఉంది. అవి దెబ్బతింటే నిన్నటి మోతాదే ఇవాళ ఎక్కువవుతుంది. గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రల అవశేషాలు కూడా బయటికి పోక పేరుకుంటాయి. వాంతులు, విరేచనాలు అయిన రోజుల్లో ఇది ఒక్కసారిగా బయటపడుతుంది.

ఉపవాసాల సంగతి. కార్తీక సోమవారాలు, ఏకాదశి, శివరాత్రి, దీక్షల్లో ఒంటిపూట భోజనం, రంజాన్ నెల. ఉపవాసం వద్దని ఆజ్ఞాపించే వైద్యుడి మాట చాలామంది వినరు. వినకుండా చెప్పకుండా ఉంటారు, అది ఇంకా ప్రమాదం. ‘ఉండాలనుకుంటే ముందుగా వచ్చి చెప్పండి, మందు ఎలా మార్చాలో చెబుతాను’ అనేవారి దగ్గరికి వస్తారు. రంజాన్‌లో పెద్ద మోతాదును ఇఫ్తార్‌కు మార్చి సహరీ మోతాదు తగ్గించడం ఇప్పుడు బాగా స్థిరపడిన పద్ధతి. 70 కంటే దిగితే ఉపవాసం విరమించాలన్నది కూడా అందులో భాగం. కార్తీకానికి కూడా అదే నియమం ఎందుకు ఉండకూడదు?

ఖాళీ కడుపుతో మద్యం తాగినవాడి సంగతి క్లుప్తంగా చెబుతాను. మద్యం కాలేయంలో కొత్త గ్లూకోజు తయారీని అడ్డుకుంటుంది. షుగర్ జబ్బు లేనివాడు కూడా అలా పడిపోవచ్చు. తాగి పడ్డాడని వదిలేయడం వల్ల ప్రాణాలు పోతాయి. వాసన వచ్చినా సరే, వేలు గుచ్చి చూడాలి.

ఇప్పటిదాకా మందుల గురించి చెప్పాను. మందు ఏదీ లేకుండా, ఒక్క పూట అన్నం తప్పినందుకు ఇదే ప్రమాదం ఎంత ఘోరంగా వస్తుందో బీహార్‌లోని ముజఫర్‌పూర్ చూపించింది. లిచీ పండ్లకు పేరుపడ్డ జిల్లా అది. ఏటా మే, జూన్ నెలల్లో రాత్రి బాగానే పడుకున్న చిన్న పిల్లలు తెల్లవారుజామున ఫిట్స్‌తో లేచేవారు. వానలు పడగానే జబ్బు ఆగిపోయేది. మెదడువాపు వైరస్ అన్నారు, వడదెబ్బ అన్నారు. వైరస్ దొరకలేదు. వెల్లూరుకు చెందిన వైరాలజిస్టు టి. జాకబ్ జాన్, ముజఫర్‌పూర్ పిల్లల వైద్యులు అరుణ్ షా ఇది మెదడుకు ఇన్‌ఫెక్షన్ కాదని, చక్కెర పడిపోవడమేనని వాదించారు. 2014 వేసవిలో రెండు ఆసుపత్రుల్లో చేరిన 390 మంది పిల్లల్లో 122 మంది చనిపోయారు. చేరే సమయానికే ఎక్కువమంది చక్కెర 70 లేదా అంతకంటే తక్కువ. ఆ పరిశోధన 2017లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. లిచీ తినడం, ముందు రాత్రి అన్నం తినకపోవడం, ఈ రెండూ కలిసినచోట జబ్బు వచ్చే అవకాశం పెరిగిందని అది చూపింది.

లిచీలో హైపోగ్లైసిన్ అనే పదార్థమూ, దానికి దగ్గరి చుట్టమైన మరో పదార్థమూ ఉన్నాయి. జమైకాలో అకీ పండు తిని వాంతులతో, మూర్ఛలతో చనిపోయిన పిల్లల గురించి వెతుకుతూ 1950లలో హైపోగ్లైసిన్‌ను కనుగొన్నారు. అకీ, లిచీ, మన ఇళ్లలో తలంటుకు వాడే కుంకుడుకాయ, ఈ మూడు చెట్లదీ ఒకే కుటుంబం. ఈ పదార్థాలు కొవ్వు మండడాన్ని ఆపుతాయి. కొవ్వు మండకపోతే కాలేయం కొత్త గ్లూకోజు తయారుచేయలేదని ఇందాక చెప్పాను. కడుపు నిండా తిన్న పిల్లవాడి కాలేయంలో నిల్వ ఉంటుంది కాబట్టి గుప్పెడు పండ్లు అతన్ని ఏమీ చేయవు. తోటలో రాలిన పండ్లతో పగలంతా కడుపు నింపుకుని, రాత్రి అన్నం తినకుండానే నిద్రపోయిన బక్కపలచని పిల్లకు ఆ నిల్వ లేదు. జబ్బు పేద పిల్లలకే ఎందుకు వచ్చిందో అందులోనే ఉంది. రాత్రి అన్నం పెట్టి పడుకోబెట్టండి, ఫిట్స్ వస్తే వెంటనే చక్కెర చూసి గ్లూకోజు ఎక్కించండి అన్న సలహాలు ఊరూరా చెప్పాక కేసులు తగ్గాయి. 2019లో మళ్లీ వందమందికి పైగా పిల్లలు పోయారు. సలహా ఏటా చెప్పాలి, అన్నం ఏటా పెట్టాలి. ఏ ఒక్కటి ఆగినా అంతే.

అరుదైన కారణాలను త్వరగా చెప్పి ముందుకు వెళతాను. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే చిన్న గడ్డ ఉండవచ్చు. లక్షణాలుండటం, ఆ సమయంలో చక్కెర తక్కువగా కనిపించడం, చక్కెర ఇవ్వగానే తేరుకోవడం అనే మూడు గుర్తులను 1938లో విపుల్ అనే శస్త్రవైద్యుడు చెప్పాడు, ఇప్పటికీ అవే మనకు దారి. కాన్పులో విపరీతంగా రక్తం పోయి, పాలు పడక, నెలసరి మళ్లీ రాక, ఏళ్ల తరువాత నీరసంతో వచ్చే స్త్రీలో పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని ఉండవచ్చు. కీళ్ల నొప్పులకు ఏళ్లపాటు స్టెరాయిడ్లు వాడి హఠాత్తుగా మానినవారికీ ఈ ముప్పు ఉంది. మన్యంలో మలేరియాకు క్వినైన్ సెలైన్‌లో ఎక్కించిన రోజుల్లో గర్భిణులకు షుగర్ పడిపోవడం తరచు చూసేవారు. పుట్టిన బిడ్డల విషయం మాత్రం అరుదు కాదు. తల్లికి షుగర్ ఉన్నా, బిడ్డ బరువు తక్కువైనా, నెలలు నిండకపోయినా మొదటి గంటలోనే తల్లిపాలు పట్టాలి. తేనె చుక్కల కోసం, మంచి ఘడియ కోసం ఆ గంట పోగొట్టవద్దు. బిడ్డ పాలు తాగకుండా వణుకుతున్నా, మత్తుగా ఉన్నా వెంటనే చక్కెర పరీక్ష చేయించాలి.

చికిత్సకు వద్దాం. మనిషి స్పృహలో ఉండి మింగగలిగితే 15 గ్రాముల చక్కెర వెంటనే ఇవ్వాలి. మూడు చెంచాల గ్లూకోజు పొడి గానీ పంచదార గానీ కొంచెం నీళ్లలో కలిపి ఇస్తే చాలు. అర గ్లాసు పళ్లరసం కూడా పనికొస్తుంది. పావుగంట ఆగి మళ్లీ చూడాలి. 70 దాటకపోతే అంతే మళ్లీ ఇవ్వాలి. దాటాక అన్నమో ఇడ్లీయో తినిపించాలి, లేకపోతే గంటలో మళ్లీ దిగుతుంది. చాక్లెట్, జీడిపప్పు లడ్డు మంచివే అనుకుంటారు, కాని వాటిలోని కొవ్వు చక్కెరను ఆలస్యంగా వదులుతుంది. షుగర్ ఫ్రీ బిళ్లలు వేసిన టీ వల్ల ఒరిగేదేమీ లేదు. అకార్బోజ్, వోగ్లిబోజ్ మాత్రలు వాడేవారికి పంచదార త్వరగా అరగదు, వాళ్లకు గ్లూకోజు పొడే కావాలి. గ్లూకోమీటరు దొరకకపోతే దాని కోసం వెతుకుతూ కూర్చోవద్దు. అనుమానం ఉంటే చక్కెర ఇచ్చేయండి. ఆ పూట షుగర్ కొంచెం పెరిగితే వచ్చే నష్టం లేదు.

స్పృహ లేనివారి నోట్లో ఏదీ పోయవద్దు, చెంచాడు నీళ్లు కూడా. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. గ్లూకగాన్ ఇంజెక్షన్ ఇంట్లో ఉంటే ఒక మిల్లీగ్రాము కండకు ఇవ్వవచ్చు, కాని మన ఊళ్లలో అది దొరకడం కష్టం. ఆసుపత్రిలో నరానికి డెక్స్‌ట్రోజ్ ఎక్కిస్తారు. సూది తీయకముందే కళ్లు తెరిచి ‘నేనెక్కడున్నాను?’ అని అడిగేవారిని చూస్తే ఇంట్లోవాళ్ల ముఖాల్లో వెలుగు వస్తుంది. అక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. లేచి కూర్చున్నాడు కదా అని ఇంటికి పంపేస్తారు. సల్ఫోనిల్‌యూరియా మాత్ర వల్ల పడిపోయిన షుగర్ అదే రాత్రి మళ్లీ పడిపోవచ్చు. కనీసం 24 గంటలు, కిడ్నీ జబ్బు ఉంటే ఇంకా ఎక్కువ సేపు ఉంచి గంట గంటకూ చూడాలి. మాటిమాటికీ దిగుతుంటే ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్ క్లోమాన్ని అదుపు చేస్తుంది. రోగి ఇంటికి వెళ్లాలని ఎంత తొందరపడినా, మంచాలు ఎంత తక్కువైనా ఈ ఒక్క విషయంలో రాజీ పడవద్దని యువ వైద్యులను వేడుకుంటున్నాను.

తేరుకున్నవాడు ఇంటికి వెళ్లేటప్పుడు చీటీలో మందు మారి ఉండాలి. ఎంత మారాలన్న ప్రశ్నకు 2008లో అకార్డ్ అధ్యయనం ఒక కఠినమైన జవాబు ఇచ్చింది. గుండెజబ్బు ముప్పు ఉన్న 10,251 మంది షుగర్ రోగులను అందులో చేర్చారు. సగం మందిలో మూడు నెలల షుగర్ సగటును చూపే రక్తపరీక్ష అంకెను 6 శాతం కంటే దించాలని పట్టుబట్టారు. మామూలు చికిత్సలో 203 మంది చనిపోతే గట్టిగా దించిన వర్గంలో 257 మంది చనిపోయారు. తీవ్రమైన లో షుగర్ కూడా ఆ వర్గంలోనే ఎక్కువ. ఆ చికిత్సను మధ్యలోనే ఆపేశారు. డెబ్బై ఐదేళ్ల మనిషికి, ఒంటరిగా ఉండేవారికి, పిల్లలు అమెరికాలో ఉండి రోజూ వీడియో కాల్‌లో ‘నాన్నా, షుగర్ ఎంత?’ అని అడిగే ఇళ్లలోని పెద్దలకు ఆ అంకె 8 దగ్గర ఉన్నా సరిపోతుంది. ఆ పిల్లలకు నా మనవి. షుగర్ ఎంత అని అడిగే ముందు, భోజనం అయిందా, ఎన్నింటికి తిన్నారు అని అడగండి. 180 ఉందని కోప్పడితే ఆ తండ్రి మరునాడు ఒక పూట అన్నం మానేసి 120 చూపిస్తాడు.

వైద్యులకు నా అభ్యర్థన ఇంకా చిన్నది. గ్లిమెపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ రాసే ప్రతి చీటీ మీద నాలుగు వాక్యాలు తెలుగులో రాయండి. ఈ మందు తిండి ముందు పెట్టుకునే వేసుకోవాలి. ఆ పూట తినకపోతే లేదా వాంతులవుతుంటే ఈ మాత్ర వేసుకోవద్దు. ఇన్సులిన్ అయితే మీ అంతట మీరు మానకుండా, ఎంత తగ్గించాలో మాకు ఫోన్ చేసి అడగండి. చెమటలు పట్టి వణుకు వస్తే మూడు చెంచాల గ్లూకోజు తాగి పావుగంటలో మళ్లీ చూడండి. చదవలేనివారికి చదివి వినిపించి, ఇంట్లో వంట చేసేవారిని కూడా పిలిచి చెప్పండి. చీటీ కింది ఖాళీలో ఇంటి దగ్గర ఉండే ఒకరి ఫోన్ నంబరు రాయించండి.